ఏదీ ముగియని రోజు

ఉదయం మొదలుపెట్టిన నివేదిక సగంలో ఉంది, రాత్రి చూడాలనుకున్న సినిమా ఇరవయ్యో నిమిషం దగ్గర ఆగింది, నేను ప్రేమించే మనిషితో మాట్లాడవలసిన మాట మరోసారి వాయిదా పడింది. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న విషయాలే. ఎవరి దగ్గరైనా చెప్పుకుంటే "ఇందులో బాధపడటానికి ఏముంది?" అన్న జవాబే వస్తుంది. కాని మూడూ కలిసి ఒకే రోజున మీద పడితే మనసు ఎంత చికాకు పడుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది. ఈ మధ్య నా రోజులు చాలావరకు ఇలాగే గడుస్తున్నాయి కనుక, ఆ చికాకు ఎక్కడి నుంచి వస్తున్నదో ఈ రాత్రి కొంచెం వివరంగా రాసుకోవాలనిపించింది.

ముందు నివేదిక సంగతి. అంకెలు, పట్టికలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటి నుంచి ఏమి తేలిందో రెండు పేజీలలో చెప్పడమే మిగిలింది. ఆ రెండు పేజీలు రాయడానికి నాకు కావలసింది ఎవరూ పిలవని ఒక గంట. ఉదయం ఆ గంట దొరికిందనుకుని మొదటి పేరా పూర్తిచేసి, రెండో పేరాలో అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి, "ఒక్క నిమిషం రాగలరా?" అంటూ ఫోన్ వచ్చింది. ఆ నిమిషం కాస్తా మీటింగుగా మారింది. మీటింగులో నా పని గురించి ఎవరూ అడగలేదు, నేను చెప్పవలసినదీ ఏమీ లేదు. అయినా పేరు పెట్టి పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాలి కనుక వేరే పని చేసుకునే వీలు కూడా లేదు. తిరిగి వచ్చి చూస్తే నా రెండో పేరా "ఈ తగ్గుదలకు ప్రధాన కారణం" అన్న చోట ఆగి ఉంది. కారణం ఏమిటో నాకు తెలుసు. కాని దానిని చదివేవారికి ఒక్కసారిగా అర్థమయ్యేలా చెప్పగల వాక్యం ఒకటి ఉదయం నా మనసులో తయారై ఉండింది. ఎంత ఆలోచించినా అది తిరిగి రాలేదు.

ఒక పనిని ముగించకుండా మరొక పనిలోకి వెళితే మన ధ్యాస మొత్తంగా మనతో రాదని, కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని, అందువల్ల కొత్త పని కూడా దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన తన ప్రయోగాలలో చూపించారు. నా విషయంలో ఈ రోజు అక్షరాలా అదే జరిగింది. మీటింగులో కూర్చున్నంతసేపూ నా ఆలోచన నివేదిక మీద ఉంది, నివేదిక ముందుకు వచ్చాక మీటింగులో విన్న మాటల మీదికి పోయింది. రెండు చోట్లా నా సమయం ఖర్చయింది, ఏ ఒక్క చోటా నేను పూర్తిగా లేను. ఇంత జరిగినా సాయంత్రం రాసే పనుల పట్టికలో మీటింగుకు ఒక వరుస ఉంటుంది గాని, దానివల్ల పోయిన వాక్యానికి చోటు ఉండదు. నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇదే.

మా కార్యాలయంలో "అర్జెంటు" అన్న మాట తగిలించకుండా ఏ పనీ రాదు. అన్నీ అర్జెంటే అయినప్పుడు ముందుగా మొదలుపెట్టిన పని ఎప్పుడూ ఓడిపోతుంది, అందరికంటే చివర వచ్చి అడిగినవారి పనే గెలుస్తుంది. మధ్యాహ్నం తరువాత అలా మరో రెండు పనులు గెలిచాయి. మా పై అధికారి కఠినమైన మనిషి కాదు. ఆయనను కూడా పైనుంచి ఎవరో ఇలాగే "ఒక్క నిమిషం" అని పిలుస్తూ ఉంటారు. ఈ విషయం తెలుసు కనుక ఆయన మీద కోపం నిలవదు, కోపం పెట్టుకోవడానికి మరొకరెవరూ కనిపించరు, అది లోపలే తిరుగుతుంది.

పరిశ్రమలలో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మొట్టమొదటి ఒప్పందంలోనే రాసుకుంది. ఆనాటి కార్మికుడు గేటు దాటితే యంత్రం గేటు లోపలే ఉండిపోయేది. నా యంత్రం సంచిలో నాతోపాటు ఇంటికి వస్తుంది. పనివేళలు దాటాక ఫోన్లకు, ఈమెయిళ్లకు దూరంగా ఉండే హక్కు గురించి 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ ఉద్యోగులతో చర్చించాలన్న నియమం ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అటువంటి నియమాలు అన్ని చోట్లా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అయితే ఫోన్ మోగకుండా ఆపగల నియమం కూడా సగంలో ఆగిన నా రెండో పేరాను ఇంటికి రాకుండా ఆపలేదు. మొహం కడుక్కుంటున్నప్పుడు, బట్టలు మడత పెడుతున్నప్పుడు, ఏ ఆలోచనా అవసరం లేని ప్రతి పనిలోనూ అది పక్కన వచ్చి నిలబడుతుంది.

ఇది నా ఒక్కదాని స్వభావం కాదట. బెర్లిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ దగ్గర పరిశోధన చేసిన బ్లూమా జైగార్నిక్, పూర్తయిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని 1927లో ప్రకటించారు. ఆ తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలలో ఈ ఫలితం ప్రతిసారీ నిలబడలేదు. కాని అదే బృందంలో పనిచేసిన మరియా ఒవ్సియాంకినా 1928లో చూపిన సంగతి నాకు మరింత దగ్గరగా తోస్తుంది: మధ్యలో ఆపించిన పనిని, ఎవరూ అడగకపోయినా, చేసినందుకు ఏమీ దక్కకపోయినా, వీలు చిక్కగానే మనిషి తనంతట తానే మళ్లీ అందుకుంటాడు. ముగించాలన్న కోరిక మనిషిలో అంత లోతుగా ఉన్నప్పుడు, ముగించడానికి అవకాశమివ్వని రోజు ఎవరినైనా అలసగొట్టక మానదు.

అందుకే రాత్రి నాకు కావలసింది మొదలూ చివరా ఉన్న ఒక కథ. నా పని ముగియకపోయినా ఎవరిదో ఒకరి కథ నా కళ్ల ముందు ముగియడం చూస్తే ఆ రోజుకు కొంత ఊరట. ఇంత చిన్న కోరిక తీరడానికి ఈ రోజు అరగంటకు పైగా తెర మీద బొమ్మల వరుసలను జరుపుతూ కూర్చోవలసి వచ్చింది. వేలు ఒక బొమ్మ మీద ఆగితే చాలు, నేను అడగకుండానే ట్రైలర్ మొదలవుతుంది. దానిని తప్పించుకుని ముందుకు వెళితే మరొకటి. సమాచారం విస్తారంగా దొరికే చోట ధ్యాసకు కరువు వస్తుందని అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించారు. చూడటానికి ఏమీ లేక కాదు నా ఇబ్బంది, వెతకడంలోనే చూసే ఓపిక ఖర్చయిపోవడం.

సిరీస్‌ల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ఒక సిరీస్ మొదటి సీజన్ 13 భాగాలనూ ఒకే రోజున విడుదల చేసింది. అలా ఒక్కసారే అన్నీ ఇచ్చేయడం ఆ తరువాత ఎన్నో చోట్ల మామూలైంది. వారానికొక భాగం వచ్చిన రోజులలోనూ చివర ఒక మలుపు పెట్టి ఆపేవారు గాని, ఆ వారమంతా ఏమై ఉంటుందోనని ఊహించుకోవడంలో, తోటివారితో పందేలు వేసుకోవడంలో ఒక ఆనందం ఉండేది. ఇప్పుడు మలుపు వచ్చిన కొన్ని సెకన్లకే తరువాతి భాగం దానంతట అదే మొదలవుతుంది, ఊహించుకునే వ్యవధి కూడా మిగలదు. మనిషిలో ముగింపు కోసం ఉండే ఆరాటాన్ని బాగా తెలిసినవారు, ఆ ఆరాటాన్ని తీర్చడానికి బదులు దాన్ని సాగదీయడానికే తమ తెలివంతా వాడుతున్నారని నాకనిపిస్తుంది. కథ చెప్పడం గొప్ప విద్య. వినేవారిని నిద్రపోనివ్వకుండా చేయడానికే దానిని వాడటం చూస్తే నాకు నిజంగా దుఃఖం కలుగుతుంది.

చివరికి సిరీస్‌లన్నీ వదిలి, గంటన్నరలో అయిపోయే సినిమా ఒకటి పెట్టుకున్నాను. ఇరవయ్యో నిమిషంలో "ఆ ఫైల్ ఒకసారి పంపగలరా?" అని కార్యాలయం నుంచి మెసేజ్. ఫైల్ పంపేసరికి నేను ప్రేమించే మనిషి ఫోన్ వచ్చే వేళయింది.

అతను వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రతి రాత్రి మాట్లాడుకుంటాం, ప్రతి రాత్రీ దాదాపు ఒకే మాటలు: తిన్నావా, పని ఎలా ఉంది, నిద్ర సరిపోతోందా. వీటిని నేను తక్కువ చేయను, ఇవి లేని రాత్రి నాకు వెలితిగానే ఉంటుంది. కాని వీటి వెనుక ఒక ప్రశ్న చాలాకాలంగా కూర్చుని ఉంది. మేమిద్దరం ఒకే ఊళ్లో ఎప్పుడు ఉంటాం, అందుకోసం ఎవరి ఉద్యోగం వదులుకోవాలి? ప్రేమ తక్కువై ఈ ప్రశ్నను దాటవేయడం లేదు. ఏ జవాబు వచ్చినా ఇద్దరిలో ఒకరు ఏళ్ల తరబడి కట్టుకున్నదాన్ని విడిచి రావాలి. అతను విడిచి రావాలని అడగడానికి నాకు నోరు రాదు, నన్ను అడగడానికి అతనికీ నోరు రాదు. ఒకరినొకరు నొప్పించకూడదన్న జాగ్రత్తలోనే నెలలు గడిచిపోతున్నాయి.

ఈ రోజు నేను ధైర్యం చేశాను. "ఉదయం నా మనసులో ఒక మంచి వాక్యం ఉండింది, పోయింది" అని మొదలుపెట్టాను. అక్కడి నుంచి మా ఇద్దరి ఉద్యోగాల సంగతికి, అక్కడి నుంచి ఊరి సంగతికి రావాలని నా ఆలోచన. అతను "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వెనుక కీబోర్డు చప్పుడు వినిపించింది. అతని రెండో పేరా కూడా ఎక్కడో ఆగి ఉంటుందని నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన బాధ తగ్గదు. "తరువాత మాట్లాడుకుందామా, ఇది పంపేయాలి" అన్నాడు. సరే అన్నాను.

కొత్తగా పెళ్లయిన జంటలను గమనించి, 6 ఏళ్ల తరువాత వారి సంగతి మళ్లీ చూసిన జాన్ గాట్‌మన్ పరిశోధన గురించి నాకు తరచు ఆలోచన వస్తుంది. ఒకరు "ఇటు చూడు" అనడం, నిట్టూర్చడం, తన రోజు గురించి ఒక ముక్క చెప్పడం వంటి చిన్న పిలుపులకు, కలిసి మిగిలిన జంటలు 100కి 86 సార్లు పలికాయని, విడిపోయిన జంటలు 33 సార్లే పలికాయని అందులో తేలింది. పెద్ద తగాదాల గురించి అందరూ భయపడతారు గాని, ఈ అంకెలు చెప్పేది పలకని పిలుపుల గురించి. పోయిన వాక్యం గురించి నేను అన్న మాట అలాంటి పిలుపే. మా ఇద్దరి మధ్య లెక్క ఆ 33కు చేరిందని నేను ఎంతమాత్రం అనుకోవడం లేదు. కాని అలసట ప్రతి రాత్రీ ఆ వైపుకు కొద్దికొద్దిగా లాగుతున్నదని మాత్రం భయం వేస్తుంది.

ఫైలును ఆపిన చోటి నుంచి తెరవవచ్చు, సినిమాను ఆపిన నిమిషం నుంచి చూడవచ్చు. మాటకు ఆ సౌకర్యం లేదు. ఒక సంగతి చెప్పాలని కూడగట్టుకున్న ధైర్యం ఆ రాత్రికే ఉంటుంది, మరునాటికి మళ్లీ మొదటి నుంచి కూడగట్టుకోవాలి. మెసేజ్ రాసి పంపితే సరిపోతుందంటారు కొందరు. వాట్సాప్‌లో 2014 నవంబరు నుంచి కనిపిస్తున్న నీలి టిక్కులు అవతలివారు చదివారని చెబుతాయి, చదివి ఏమనుకున్నారో చెప్పవు. ఆ వ్యవధిలో మనసు తనకు తోచిన జవాబులన్నీ తానే రాసుకుంటుంది, వాటిలో మంచివి తక్కువ.

2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పత్రంలో ఒక మాట నాకు ధైర్యమిచ్చింది. ముగియని పని మనసును తొలుస్తున్నప్పుడు, దానిని పూర్తిచేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, ఆ తొలుపు తగ్గుతుందని వారి ప్రయోగాలు చూపించాయి. అందుకని ఇప్పుడు నిర్ణయించుకుంటున్నాను. నివేదిక రేపు ఉదయం తొమ్మిది నుంచి పది వరకు, చిన్న సమావేశ గదిలో తలుపు వేసుకుని, ఫోన్ నా బల్ల మీదే వదిలి రాస్తాను. ఆ గంట నన్ను పిలవవద్దని పై అధికారికి ఇప్పుడే రాసి పంపాను. సినిమా ముగింపు నాకు అక్కరలేదు, ఆ ఇరవై నిమిషాలలో నన్ను పట్టి ఉంచినది ఏమీ లేదు.

అతనికి మాత్రం చాలాసేపు ఆలోచించి రాశాను. "ఆదివారం ఉదయం ఇద్దరమూ ల్యాప్‌టాప్‌లు మూసి మాట్లాడుకుందాం. మనం ఒకే ఊళ్లో ఉండాలంటే నువ్వు దేన్ని వదులుకోలేవో నాకు చెప్పు. నేను దేన్ని వదులుకోలేనో నేనూ చెబుతాను. నిర్ణయం ఆ రోజే కావాలని అడగను." టిక్కులు నీలంగా మారాక కొంతసేపు ఏమీ రాలేదు. ఆ తరువాత వచ్చింది: "పదింటికి చేస్తాను. నేను కూడా ఇదే అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నీ వాక్యం ఏమైంది, దొరికిందా?"

దొరకలేదని రాశాను.