సతారా దారిలో నల్లపక్షుల గుంపు

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో, సతారా క్యాంపులో మేము బస చేసిన రెండో రోజు తెల్లవారుజామున, ఖాళీ పీపాను అరచేత్తో ఆగి ఆగి తట్టినట్టు ఒక చప్పుడు దూరం నుంచి వినిపించింది. సింహమేమోనని భయపడి మా ఆవిడను లేపాను. అప్పటికే వరండాలో టీ కాచుకుంటున్న పక్క గుడిసె పెద్దాయన నవ్వి, అది సింహం కాదనీ, నేల మీద తిరిగే గ్రౌండ్ హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పక్షి కూత అనీ, మూడు కిలోమీటర్ల దూరం దాకా వినిపిస్తుందనీ చెప్పారు.

గేటు తెరవగానే నదిని ఆనుకుని తూర్పుగా సాగే ఎస్-100 మట్టిరోడ్డు పట్టాము. అరగంటలోనే అవి కనిపించాయి. టర్కీ కోడి అంత పరిమాణంలో ఉన్న అయిదు నల్లపక్షులు గడ్డిలో ఎడంఎడంగా నడుస్తూ, పోయిన వస్తువును వెతుక్కునేవాళ్లలా తలలు వంచుకుని వస్తున్నాయి. కారు దిగడం నిషేధం కనుక ఇంజను ఆపి కదలకుండా కూర్చున్నాము. అవే మా పక్కకు వచ్చాయి. ముఖం మీదా గొంతు కిందా ఎర్రటి బోడి చర్మం, కళ్లకు ఆడపిల్లల కాటుక కళ్లను తలపించే పొడవైన రెప్పవెంట్రుకలు. గొంతు ఎరుపు మధ్యలో ఊదారంగు మచ్చ ఉన్నది ఆడపక్షి. ముఖానికి ఇంకా ఎరుపు ఎక్కనిది పిల్ల.

ఒక మగపక్షి ముక్కుకొనలో అప్పటికే రెండు మిడతలూ ఒక బల్లీ వేలాడుతున్నాయి. ఏనుగు పేడకుప్ప దగ్గరికి రాగానే అది వాటిని జాగ్రత్తగా నేల మీద పెట్టి, కుప్పను తవ్వి తెల్లటి పురుగునొకదాన్ని లాగి, మళ్లీ అన్నింటినీ ఒక్కొక్కటిగా ముక్కుకు అందించుకుంది. కూరగాయల సంచి కింద పెట్టి చిల్లర వెతుక్కుని మళ్లీ ఎత్తుకునే మనిషే గుర్తొచ్చాడు. ఆ సంపాదనంతా తాను మింగకుండా, గునుస్తూ వెంటపడిన పిల్ల నోట్లో కుక్కింది. పిల్లకు రెక్కలొచ్చాక కూడా ఏడాది, రెండేళ్ల దాకా ఈ పోషణ తప్పదట.

గుంపులో గుడ్లు పెట్టేది ఒక్క జంటే. మిగిలినవి ఆ జంటకు సాయపడే పక్షులు. మన హైదరాబాదు చెట్లలో కనిపించే బూడిదరంగు హార్న్‌బిల్ ఆడపక్షి తొర్ర ద్వారాన్ని మూసుకుని లోపలే ఉండిపోతుంది. క్యాంపులో మా రొట్టెముక్కల కోసం తిరిగిన పసుపుముక్కు హార్న్‌బిల్‌దీ అదే అలవాటు. ఈ పెద్దపక్షి మాత్రం తొర్రలో ఎండుటాకులు పరుచుకుంటుందే కాని ద్వారం మూయదు. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, కొన్ని రోజులు ఆలస్యంగా గుడ్డు నుంచి బయటికొచ్చే రెండో పిల్ల దాదాపు ఎప్పుడూ ఆకలితోనే చనిపోతుంది. ఒక గుంపు ఒక పిల్లను పెంచి పెద్ద చేయడానికి సగటున తొమ్మిదేళ్లు పడుతుందని చదివాక, మా ముందు గునుస్తున్న ఆ పిల్లను చూసే చూపే మారింది. ఆకలితో పోయే రెండో పిల్లలను గూళ్ల నుంచి తీసి చేత్తో పెంచే పనిని మబూలా గ్రౌండ్ హార్న్‌బిల్ ప్రాజెక్టు చేస్తోంది.

ఈ పక్షి కూస్తే వాన వస్తుందని అక్కడి పల్లెల్లో నమ్మకం. వాన కోసం కప్పతల్లి ఆట ఆడే ఊళ్ల నుంచి వెళ్లిన మాకు అదేమీ వింతగా తోచలేదు.

పార్కు బయట మేము దిగిన ఒక అతిథిగృహంలో గాజు కిటికీలకు కింది సగం వరకు ఇనుప వల బిగించి ఉంది. గాజులో కనిపించే తన నీడను పోటీపక్షి అనుకుని ఈ హార్న్‌బిల్ ముక్కుతో పొడిచి పగలగొడుతుందట. అద్దాల ఖర్చు భరించలేక వీటిని చంపేవాళ్లూ ఉన్నారని విన్నాము.

ఎండ ఎక్కాక గుంపు ఒక్కసారిగా లేచింది. నేల మీద పూర్తిగా నల్లగా కనిపించిన పక్షులు రెక్కలు చాపగానే ఆ అంచులన్నీ తెల్లగా మెరిశాయి. చివరగా లేచినది పిల్ల. చెట్టు కొమ్మ మీద కుదురుకోలేక రెండుసార్లు తడబడి, మూడోసారి నిలబడింది.