చెరువు గట్టు మీద ముందుచూపు

2025 ఆగస్టు 27 సాయంత్రం పాలకొల్లు దగ్గరి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అవతల బాబాయిగారు. బంధువేం కాదు. ఆరెకరాల రొయ్యల చెరువులున్న రైతు, మూడేళ్ల కింద ఒక వర్క్‌షాప్‌లో పరిచయమయ్యారు. డెబ్భై దాటిన మనిషి. కుశల ప్రశ్నలేం లేకుండా, "అమ్మాయ్, నువ్వు చెప్పిందే అయింది" అన్నారు.

అమెరికా ఆ నెలలోనే మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. సరిగ్గా ఆ రోజు నుంచి ఇంకో 25 శాతం కలిపింది. దేశం నుంచి వెళ్లే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రవే, అప్పటికి కొనేవాళ్లలో మొదటి స్థానం అమెరికాది. చెరువులో సరుకు పట్టుబడికి వచ్చి ఉంది, ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. బాబాయిగారి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. దాంతోపాటు నా మీద ఏదో గౌరవం కూడా. ఆ గౌరవం తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. నేను సుంకం గురించి చెప్పలేదు. అసలు ఆ మాటే నా కాగితాల్లో ఎక్కడా లేదు.

నేను ఫ్యూచరిస్ట్‌ని. పదకొండేళ్లుగా ఇదే నా పని, ఇదే నా తిండి. కంపెనీలు పిలుస్తాయి, ప్రభుత్వ శాఖలు పిలుస్తాయి, అప్పుడప్పుడు స్వచ్ఛంద సంస్థలు పిలుస్తాయి. ఇంకో పదేళ్లకి మా పరిస్థితి ఏంటని అడుగుతాయి. ఏం జరుగుతుందో నేను చెప్పను, చెప్పలేను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. జరగడానికి వీలున్న మూడు నాలుగు దారుల్ని కథల్లా అల్లి, ఒక్కో కథలో మనుషుల్ని కాసేపు కూర్చోబెట్టి, "ఇదే నిజమైతే రేపు పొద్దున్న మీరేం చేస్తారు?" అని అడుగుతాను. ఆ కథల్ని మా వృత్తిలో సినారియోలంటారు. పని మొత్తాన్ని ఫోర్‌సైట్ అంటారు. నాకైతే ముందుచూపు అన్న మాటే ఇష్టం.

పంచాంగంతో పోలిస్తే మా వృత్తిలో చాలామందికి నచ్చదు. నేను మాత్రం ఆ పోలికలో ఒకటి తీసుకుంటాను. చిన్నప్పుడు ఉగాది సాయంత్రం మా ఊరి శివాలయంలో అమ్మమ్మ పక్కన కూర్చుని పంచాంగ శ్రవణం వినేదాన్ని. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఈ ఏడు వర్షాలు తక్కువని పంతులుగారు చదవగానే అందరూ పక్కవాళ్ల వైపు చూసేవాళ్లు. గుడి మెట్లు దిగుతూనే ఏ మడిలో ఏం వెయ్యాలన్న మాట మొదలయ్యేది. లెక్కలు నిజమా కాదా అన్నది నాకు అక్కర్లేదు. రాబోయే ఏడాది గురించి ఊరంతా ఒకచోట కూర్చుని ఒకే మాట వినేది కదా, అది కావాలి.

2022లో ఆ వర్క్‌షాప్ జరిగింది. రొయ్యల వ్యాపారంలో ఉన్న ఒక కంపెనీ 2032 వరకు చూసి రిపోర్టు ఇమ్మంది. రైతులతో ఒక రోజు పెట్టుకుంటేనే చేస్తానన్నాను, ఒప్పుకున్నారు. ఊరి కమ్యూనిటీ హాల్లో 34 మంది. సొంత చెరువులున్నవాళ్లు, లీజు రైతులు, ఇద్దరు ఏజెంట్లు, షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లు నలుగురు. హవాయి యూనివర్సిటీలో జిమ్ డేటర్ అని ఒక పెద్దాయన దశాబ్దాల పాటు ఈ విద్య నేర్పారు. మనుషులు భవిష్యత్తు గురించి చెప్పుకునే కథలన్నీ నాలుగు రకాల్లోకి వస్తాయంటారు ఆయన. ఇప్పుడున్నట్టే పెరుగుతూ పోవడం, కుప్పకూలడం, ఏదో ఒక కట్టుబాటుకి లోబడి బతకడం, రూపమే మారిపోవడం. హాలుకి నాలుగు గోడలు, గోడకొక కథ అంటించాను.

రెండో గోడ దగ్గర గొడవైంది. అక్కడ రాసిన కథ ఇది: సరుకులో నిషేధించిన యాంటీబయోటిక్ అవశేషాలు దొరికాయి, అమెరికా ఏడాది పాటు మన రొయ్య కొనడం ఆపేసింది. హాలంతా నవ్వు. "అమెరికావోడు రొయ్య తినడం మానేస్తాడేటండీ?" అన్నాడొక కుర్ర రైతు. నాకు ఆ నవ్వే కావాలి. మొదటిసారి విన్నప్పుడు నవ్వు రాని మాట భవిష్యత్తు విషయంలో పెద్దగా పనికిరాదని కూడా డేటరే చెప్పారు.

అప్పుడు లేచారు బాబాయిగారు. ఆయన 1994లో నరసాపురం దిగువన, సముద్రం దగ్గర, చెరువు లీజుకి తీసుకుని టైగర్ రొయ్య వేశారట. అప్పుడే తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చింది. "పొద్దున్న బాగున్న చెరువురా అది. నాలుగో రోజుకి గట్టు పొడుగునా చచ్చిన రొయ్య. ఆ వాసన మా ఆవిడ చీరల్లోంచి పోవడానికి నెల పట్టింది" అన్నారు. ఆ అప్పు తీరకుండానే 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరం పరిధిలోని చెరువులు తీసెయ్యమంది. రెండేళ్ల తేడాలో రెండు దెబ్బలు, ఒకటి పురుగు నుంచి, ఒకటి కోర్టు నుంచి. "ముందు రోజు ఎవడైనా చెప్పుంటే నేనూ మీలాగే నవ్వేవోణ్ణి" అని కూర్చున్నారు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. 2009 తర్వాత వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చాక చెరువులు తవ్వినవాళ్లే ఆ హాల్లో ఎక్కువ. వాళ్లకి తెల్లమచ్చంటే ఒక మందు డబ్బా మీద చదివిన పేరు.

సాయంత్రం నన్ను తన చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. ఏరేటర్లు ఆగకుండా నీళ్లు చిమ్ముతున్నాయి. చెక్కబల్ల మీద గొంతుక్కూర్చుని తాడు పట్టి చెక్ ట్రే పైకి లాగారు. చతురస్రంగా చిన్న వల, అందులో రెండు గంటల కింద వేసిన మేత. గుప్పెడు మిగిలి ఉంది. "నిన్న ఇంత లేదు" అన్నారు. ఒక రొయ్యని అరచేతిలో పెట్టుకుని సెల్‌ఫోన్ లైటు వేసి చూపించారు. వీపు పొడవునా సన్నటి నల్లటి గీత. అది పేగు. నిండుగా ఉంటే రొయ్య తింటున్నట్టు. మధ్యలో తెగినట్టు ఖాళీలుంటే ఏదో మొదలైనట్టు. "దానికి జబ్బొచ్చిందని నాకు తెలిసేసరికి అయిపోతుందమ్మా. మేత మిగిలిన రోజే తెలుసుకోవాలి. అదీ చూడకపోతే కాకులు చెప్తాయి, చెరువు మీద తిరుగుతాయి. కాకులొచ్చాక చేసేదేం లేదు."

వీక్ సిగ్నల్స్ అని మా వృత్తిలో ఒక మాట ఉంది. రాబోయే పెద్ద మార్పు ముందుగా పంపే చిన్న సూచనలు. అంతకుముందు ఏడేళ్లు నేను దాన్ని పరాయి దేశాల ఉదాహరణలతో చెప్పాను. ఆ రోజు నుంచి చెక్ ట్రేతోనే చెప్తున్నాను. ఐఏఎస్ అధికారులకైనా, బెంగళూరు సాఫ్ట్‌వేర్ వాళ్లకైనా. ఒక్కసారి చెప్తే చాలు, మర్చిపోరు.

ఆ రోజు చివర్లో అందరికీ ఒక్కో కార్డు ఇచ్చి, 2032లో ఒక పొద్దున్న మీకేం కనబడాలో రాయమన్నాను. రేట్లు రాశారు, అమెరికాలో స్థిరపడిన కొడుకుల్ని రాశారు. షెడ్డులో పనిచేసే ఒకావిడ చాలాసేపు కార్డు పట్టుకుని కూర్చుని నాలుగే మాటలు రాసింది. "మా బోరులో తియ్యటి నీళ్లు."

నా నాలుగు గోడల్లో ఎక్కడా మంచినీళ్లు లేవు. మార్కెట్టు ఉంది, జబ్బు ఉంది, సముద్రమట్టం ఉంది. ఉప్పునీటి చెరువుల మధ్య బతికే మనిషి బిందె లేదు. వాళ్ల వీధిలో తాగడానికి టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నారని పొద్దున్న టీ తాగుతూ విన్నాను కూడా. విని, నా లెక్కలో వేసుకోలేదు. నిపుణులు వచ్చి మామూలు జనానికి భవిష్యత్తు చెప్పడం ముందుచూపు అవుతుందని అప్పటిదాకా లోలోపల నమ్మేదాన్ని. ఆ కార్డు తర్వాత అలా నమ్మడం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత జరిగింది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. రిపోర్టు ఇంగ్లిషులో 80 పేజీలు వచ్చింది. మంచినీళ్లకి ఒక అధ్యాయమే పెట్టాను. ఒకే దేశానికి అమ్ముకుంటూ కూర్చోవడం ఎంత ప్రమాదమో, ఇంకో రెండు మార్కెట్లు వెతుక్కోవడానికి ఎన్నేళ్లు పడుతుందో రాశాను. కంపెనీ వాళ్లు చాలా బాగుందన్నారు, డబ్బులిచ్చారు, బీరువాలో పెట్టారు. బయట చెప్పకూడదని ఒప్పందంలో నేనే సంతకం పెట్టాను కాబట్టి ఆ 34 మందికి ఒక్క పేజీ కూడా చేరలేదు. తెలుగులో చిన్న పుస్తకం చేసి పంచుతానని రెండుసార్లు అడిగాను. జవాబు రాలేదు. మూడోసారి అడగలేదు. ఆ మూడోసారి అడగకపోవడం నా తప్పే. వాళ్ల మాటలతో, వాళ్ల భయాలతో తయారైన కాగితం వాళ్లకే దక్కలేదు.

ఫోర్‌సైట్ చదివిన ఎవరికైనా పియర్ వాక్ పేరు తెలుస్తుంది. షెల్ అనే చమురు కంపెనీలో ఉండగా, 1973 చమురు సంక్షోభానికి ముందే అలాంటి దెబ్బ రావచ్చని సినారియోలు తయారుచేసిన మనిషి. మూడు డాలర్లున్న బ్యారెల్ కొద్ది నెలల్లో దాదాపు పన్నెండుకి వెళ్లింది. మిగతా కంపెనీల కంటే షెల్ తొందరగా తేరుకుందని ప్రతి కోర్సులోనూ చెప్తారు. వాక్ 1985లో రాసిన వ్యాసాల్లో నన్ను పట్టుకున్నది వేరు. మొదట తయారుచేసిన సినారియోలు లెక్కల ప్రకారం బాగానే ఉన్నా ఎవరి నిర్ణయమూ మారలేదట. నిర్ణయం తీసుకునేవాడి మనసులో లోకం ఎలా ఉందో ఆ బొమ్మ మారితే తప్ప కాగితం వల్ల ఉపయోగం లేదని ఆయనకి అర్థమైంది. మరి మా దగ్గర చెరువులో ఏం వెయ్యాలో నిర్ణయించేది ఎవరు? ఆఫీసులో రిపోర్టు చదివినాయనా, గట్టు మీద తాడు లాగేవాళ్లా?

దీనికి జవాబు మన నేల మీదే ఎప్పుడో దొరికింది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 అని ఒక ప్రణాళిక తెచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్లని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో ఒక ఆలోచన. 2001లో, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ప్రజాతీర్పు పేరుతో కొన్ని రోజులు ఒక సభ జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. మూడు భవిష్యత్తుల్ని వీడియోలుగా చూపించారు. ఒకటి విజన్ 2020 దారి, ఒకటి పర్యావరణానికి మేలు చేస్తూ ఎగుమతి చేసే సాగు, ఒకటి ఊరు తన తిండి తాను పండించుకునే దారి. జ్యూరీ నిపుణుల్ని పిలిచి ప్రశ్నలడిగింది. చివరికి మనుషుల్ని నేల నుంచి తప్పించే ఆలోచన వద్దని, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు వద్దని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ప్రతి మాటనీ ఒప్పుకోవాలని నేను అనను. మనుషుల పని పోగొట్టే యంత్రాలు కూడా వద్దన్నారు, ఆ విషయంలో నాకు భేదాభిప్రాయం ఉంది. కానీ ఎవరి భవిష్యత్తో వాళ్లే కుర్చీలో కూర్చుని, నిపుణుడు ఎదురుగా నిలబడి సమాధానం చెప్పడం, అదీ ఇరవై ఏళ్ల పైచిలుకు కింద, మన దగ్గర! చదువుకునేటప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నాకు నేనుగా వెతుక్కుంటే దొరికింది.

ఇప్పుడు నా ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది. వర్క్‌షాప్‌లో కూర్చున్నవాళ్లందరికీ వాళ్ల భాషలో రెండు పేజీలు వెళ్లాలి, చదవలేనివాళ్లకి చదివి వినిపించాలి. దీనివల్ల రెండు పెద్ద పనులు పోయాయి. పోనీ. టీవీల్లో కూర్చుని 2040లో ఇది ఖాయం అని చెప్పేవాళ్లకి ఆ పనులు దొరుకుతాయి. ఫిలిప్ టెట్లాక్ అనే పరిశోధకుడు వందల మంది నిపుణుల అంచనాల్ని ఏళ్ల తరబడి పోగేసి 2005లో ఫలితాలు బయటపెడితే, ఎక్కువ పేరున్నవాళ్లే ఎక్కువ తప్పారని తేలింది. ఖాయం అన్న మాట వింటే నాకు భయం వేస్తుంది.

ఆ ఫోన్‌లో బాబాయిగారికి ఇదంతా చెప్పలేదు. "నేను చెప్పిన కారణం వేరండీ, నేను సుంకం ఊహించలేదు" అని మాత్రం అన్నాను. ఆయనకి అదేం పట్టలేదు. "కారణం ఏదైతే ఏంటమ్మా, కొనేవోడు కొనకపోతే ఏం చెయ్యాలో ఆ రోజు ఆలోచించాం కదా" అన్నారు. ఆరెకరాల్లో రెండెకరాలు రొయ్య తీసేసి బొచ్చె, శీలావతి వేశారట, ఏడాదిన్నర అయిందట. పిన్నిగారు పట్టుబట్టారట. ఆ రెండెకరాల చేపే ఈ ఏడు మేత బాకీ కట్టడానికి పనికొస్తుందన్నారు. మిగతా 33 మందిలో ఎవరు ఏం చేశారో ఆయనకి తెలీదు. నేనూ కనుక్కోలేదు, అప్పటిదాకా.

ఆ డిసెంబర్‌లో వెళ్లాను. ఎవరూ పిలవలేదు, ఎవరి డబ్బూ కాదు. రిపోర్టు కంపెనీది, ఇవ్వలేను. కార్డులు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. అవి రాసినవాళ్లవి. రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్లి ఇల్లిల్లూ తిరిగి ఎవరిది వాళ్లకి ఇచ్చాను. కొందరికి గుర్తే లేదు. కుర్ర రైతు చెరువు లీజు వదిలేసి భీమవరంలో పనికి వెళ్తున్నాడు. వాళ్లమ్మ తీసుకుంది.

షెడ్డు ఆవిడ నీళ్ల టిన్ను లోపల పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని కార్డు అందుకుంది. చదువుకుంది. "మూడేళ్లు దాచారా?" అంది. దాచానన్నాను. "ఎవరికైనా చూపించారా?" అంది. నిజం చెప్పాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కార్డు వెనక్కి తిప్పి చూసింది. ఆ వైపు ఖాళీగా ఉంది.

"పెన్నుందా అమ్మా?" అంది.