మా అయ్యగారికి గన్‌మెన్ కోసం తిరిగిన కథ

మాది పశ్చిమ గోదావరి, ఊరి పేరు వద్దులెండి. ఏటా సంక్రాంతి వెళ్ళాక మా చర్చి తరఫున మూడు రోజులు ఉజ్జీవ సభలు పెడతాం. నేను కమిటీ సెక్రటరీని, అంటే పేరుకే సెక్రటరీ, షామియానా వాడితో బేరాలూ మైక్ పర్మిషన్ కోసం తిరగడాలూ అన్నీ నావే. మొన్నటి సభలకి నెల ముందు అయ్యగారికి, అంటే మా పాస్టర్ గారికి, వాట్సాప్‌లో బెదిరింపు కాల్స్ మొదలయ్యాయి, స్టేజీ ఎక్కితే మళ్ళీ దిగవు అని. మూడోసారి వచ్చేదాకా ఆయన అమ్మగారికి కూడా చెప్పలేదు.

పోలీసులకి చెబుదాం అంటే ససేమిరా అన్నారు. దేవుడు చూసుకుంటాడు, సేవకుడి పక్కన తుపాకీ ఉంటే ఇంక సాక్ష్యం ఏముంటుంది అని. అప్పుడు మా సంఘపెద్ద, రిటైర్డ్ మాస్టారు, బైబిల్ తీసి అపొస్తలుల కార్యములు 23 చదివారు. అపొస్తలుడు పౌలుని చంపేదాకా అన్నపానాలు ముట్టం అని 40 మందికి పైగా ఒట్టు పెట్టుకుంటారు, ఆ సంగతి పౌలు మేనల్లుడు వెళ్ళి సహస్రాధిపతికి, అంటే రోమా సైన్యాధికారికి, చెప్తే ఆయన 200 మంది సైనికుల్నీ 70 మంది గుర్రపు రౌతుల్నీ 200 మంది ఈటెలవాళ్ళనీ ఇచ్చి రాత్రికి రాత్రే దాటించేస్తాడు. "మరి పౌలు నాకొద్దన్నాడా అయ్యగారూ?" అన్నారు మాస్టారు. 2000 జూన్‌లో తాడేపల్లిగూడెంలో, ఒంగోలులో చర్చిల్లో బాంబులు పేలిన సంగతి కూడా ఆయనే గుర్తు చేశారు. అయ్యగారు ఇంకేం మాట్లాడలేదు, ఆధార్ జెరాక్స్ తీసి ఇచ్చారు.

స్టేషన్‌కి వెళ్తే ఫోన్లో ఎవడో వాగితే కేసేంటండీ అన్నారు. ఇక్కడ ఒకటి చెప్తా, వాట్సాప్ కాల్ మామూలుగా రికార్డ్ అవ్వదు, మేము స్పీకర్ ఆన్ చేసి ఇంకో ఫోన్‌తో రికార్డ్ చేశాం, అది వినిపించాకే స్టేషన్లో కుర్చీ చూపించారు. బెదిరింపుల సెక్షన్ బీఎన్‌ఎస్ 351 కింద కేసు తీసుకున్నారు, పాత ఐపీసీ 506 లాంటిది. ఆ కాగితం పట్టుకుని సోమవారం ఎస్పీ గారి ఆఫీసులో అర్జీ ఇచ్చాం.

వారానికి స్పెషల్ బ్రాంచ్ నుంచి, అంటే పోలీసుల నిఘా విభాగం నుంచి, ఒకాయన వచ్చారు, మఫ్టీలో. ఆయన అడిగినవి వింటే కొంచెం సిగ్గేసింది, చర్చి స్థలం మీద గొడవ ఉందా, వడ్డీకి ఇచ్చారా, సంఘం చీలిపోయిందా, ఎవరింట్లో పెళ్ళి చెయ్యనన్నారా అని. ముప్పు నిజమా, హోదా కోసం అడుగుతున్నారా అనేది ముందు తేల్చుకుంటారంట, గన్‌మెన్ ఉంటే పలుకుబడి అనుకునేవాళ్ళు మనలోనూ తక్కువేం లేరు కదా. గన్‌మెన్‌ని 1+1 అని ఇస్తారు కదా, అంటే ఇద్దరు ఒకేసారి వస్తారనుకునేవాణ్ణి, కాదు, ఒకళ్ళు డ్యూటీలో ఉంటే రెండోవాళ్ళు రిలీఫ్. అయితే అలా పర్మనెంట్‌గా ఇవ్వాలంటే రిపోర్ట్ పైకి వెళ్ళాలి, పై అధికారుల కమిటీ చూడాలి, అందుకని మాకు సభల మూడు రోజులకీ బందోబస్తు, అయ్యగారి పక్కన ఒక గన్‌మెన్, అంతవరకు ఇచ్చారు.

ఆ గన్‌మెన్ మొదటిరోజు పొద్దున్నే గ్రౌండంతా తిరిగి మా కరపత్రం చేతిలో పట్టుకుని నవ్వాడు. అందులో అయ్యగారు ఏ టైంకి ఏ రోడ్డున వస్తారో, మధ్యాహ్నం భోజనం ఎవరింట్లోనో అన్నీ మేమే అచ్చేయించాం, ఇంక ఆ బెదిరించినవాడికి వేరే గూఢచారి ఎందుకండీ అన్నాడు. రూట్ మార్పించాడు, కారు బయటికి మొహం పెట్టి ఉంచమన్నాడు, స్టేజీకి ఒక్క మెట్లవరసే ఉందని వెనక ఇంకోటి కట్టించాడు.

అసలు కష్టం వాక్యం, అంటే ప్రసంగం, అయ్యాక. అయ్యగారు కిందికి దిగి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, జనం మీద పడిపోతారు, అందరి చేతుల్లో సంచులు, ప్రార్థన చేయించుకోడానికి తెచ్చిన కొబ్బరినూనె సీసాలు. దిగొద్దు అంటే ఆయన వినరు. చివరికి కుర్చీలు వరసగా వేసి ఒక్కొక్కళ్ళని పంపాం, సంచులు బయటే, సీసాలన్నీ ఒక టేబుల్ మీద, పేరు రాసిన ప్లాస్టర్ అంటించి. గన్‌మెన్ ఒక్కో సీసా మూత తీసి వాసన చూస్తున్నాడు, పెట్రోలో యాసిడో ఉందేమో అని. వెనక వీధి మామ్మ ఊరుకుంటుందా, "అయ్యగారు ప్రార్థన చేసే నూనె నువ్వు ముందే వాసన చూసేస్తే ఎలా బాబూ, నువ్వేమన్నా వంటోడివా" అని గట్టిగానే అడిగింది. అతను మూత బిగించి, "మీదేనా మామ్మా, మంచి గానుగ నూనె" అని రెండు చేతులతో టేబుల్ మీద పెట్టాడు.

సభలు బానే జరిగాయి. కాల్ చేసినవాడు ఇంకా దొరకలేదు, నంబర్ ఎవరిదో పేరు మీద తీసిన సిమ్మంట. పర్మనెంట్ గన్‌మెన్ అర్జీ పైన ఉంది, అయ్యగారు మాత్రం రాకపోతేనే బాగుణ్ణు అంటున్నారు. నూనె సీసాల టేబుల్ తీసెయ్యలేదు, ఆదివారం ఆదివారం వేస్తున్నాం, ఇప్పుడు మూతలు తీసి చూసేది నేనే, మామ్మ తిట్లన్నీ నాకే.