బిస్కెట్ డబ్బా లాగిన్

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే కౌన్సిల్ మన మున్సిపాలిటీ లాంటిదే. చెత్త, ఇంటిపన్ను, పార్కింగ్, లైబ్రరీలు. వీటికి వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు బయటి కంపెనీలది. వాళ్ల దారిన దొంగలు మా సిస్టమ్స్‌లోకి దూరకుండా చూడటం నా ఉద్యోగం.

ఫోన్లో ఈ మాట చెబితే, మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మా నాన్న మొదట అడిగింది, "కాంట్రాక్టరు దగ్గర ధరావతు పట్టుకోరా?" అని. మేం పట్టుకునేవి కాగితాలు నాన్నా అన్నాను. టెండరప్పుడే ప్రశ్నల జాబితా పంపుతాం. కనీస సైబర్ జాగ్రత్తలు పాటిస్తున్నారని చెప్పే సైబర్ ఎసెన్షియల్స్ సర్టిఫికెట్ అడుగుతాం, అది ఏడాదికే చెల్లుతుంది. జనం వివరాలు బయటికి పొక్కి వాళ్లకు నష్టం జరిగేలా ఉంటే, మాకు తెలిసిన 72 గంటల్లో, జనం వివరాల భద్రతను చూసే రెగ్యులేటర్‌కు చెప్పాలి. అందుకని కంపెనీ మాకెప్పుడు చెప్పాలో ఒప్పందంలో రాయిస్తాం. తప్పు వాళ్లదైనా జనం వచ్చి అడిగేది మమ్మల్నే.

కాగితాలకు దొరకనివీ ఉంటాయి. 2021 డిసెంబరులో గ్లాస్టర్ సిటీ కౌన్సిల్‌ను ముంచిన మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, వాళ్లకు సరుకో సేవో అందించే సప్లయర్ మెయిల్ నుంచే వచ్చింది, అదీ అప్పటికే నడుస్తున్న సంభాషణ మధ్యలో. తెలిసిన పేరు, తెలిసిన విషయం. నేనైనా నొక్కేవాణ్ణే. కోలుకోవడానికి వాళ్లకు పది లక్షల పౌండ్ల పైనే ఖర్చయింది.

పోయిన ఏడాది పాత లాగిన్లు ఏరుతుంటే, పార్కింగ్ మిషన్లు చూసిన పాత కంపెనీ ఇంజనీరుది ఒకటి తగిలింది. ఒప్పందం ముగిసి రెండేళ్లు. వట్టి పాస్‌వర్డే, ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆపేసి, ఓ మంచి పని చేశాననుకుంటూ ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున్నే పార్కింగ్ సెక్షన్ పెద్దావిడ నుంచి ఫోన్. ఆ ఇంజనీరు ఆ కంపెనీ వదిలేశాడట. అయినా మిషన్ మొరాయించినప్పుడల్లా ఈవిడ కబురు పెడితే ఇంటి నుంచే లాగినై సరిచేస్తాడట. బిల్లూ లేదు, పాడూ లేదు. క్రిస్మస్‌కు ఒక బిస్కెట్ డబ్బా, అంతే.

నాకు చెమటలు పట్టాయి. ఎవరి ఉద్యోగీ కాని మనిషి, ఎవరి లెక్కలోనూ లేని దారి. అదే వివరించబోయాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీరన్నది సరే. కొత్త కంపెనీకి చెబితే మూడు రోజులు పడుతుంది. ఇక్కడ మిషన్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఇప్పుడెవరికి ఫోన్ చెయ్యమంటారు?" అంది.

కొత్త ఒప్పందం తీసి చూశాను. మూడు పనిదినాలు అనే ఉంది. ఆ కాగితం మీద సెక్యూరిటీ తరఫున సంతకం నాదే.