కలివి కోడి: తొమ్మిదో కాగితమూ చిరిగింది

చిరిగింది. నా కలివి కోడి కార్టూన్ మళ్లీ అదే చోట, పిట్ట కుడికన్ను పక్కన. మాస్కింగ్ ఫ్లూయిడ్ (సిరా అంటకూడని చోట ముందే పూసి, తర్వాత ఒలిచేసే జిగురులాంటి ద్రవం) ఒలుస్తుంటే దాంతోపాటు కాగితం పొర కూడా లేచి వచ్చేసింది. ఇది తొమ్మిదోది. లెక్కపెట్టకూడదనే అనుకుంటాను, కానీ కాగితం వెనక పెన్సిల్‌తో అంకె వేసే అలవాటు ఒకటి ఉండి చచ్చింది.

జోకు మాత్రం మొదటిరోజే కుదిరింది. అర్ధరాత్రి, లంకమల కొండల కింద ముళ్లపొదలు. కర్రకు కట్టిన కెమెరా ముందు కలివి కోడి నిలబడి పక్కనున్న కుందేలుతో అంటుంది: "మావాళ్లు 86 ఏళ్లు ఎవరి కంటా పడకుండా బతికారు. ఒక్కసారి దొరికామో లేదో, స్టాంపు కొట్టేశారు!" 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందనీ, దాని బొమ్మతో తపాలా బిళ్ల వచ్చిందనీ తెలిసినవాళ్లకు వెంటనే పేలుతుంది. తెలియనివాళ్లు "స్టాంపేంటి?" అని అడిగితే నాకు ఇంకా మంచిది. పిట్టల మీద, జంతువుల మీద ఈ కార్టూన్ల సిరీస్ మొదలుపెట్టిందే ఆ ప్రశ్న కోసం. పేరులో కోడి ఉందని "కూర ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

చిక్కంతా బొమ్మ దగ్గరే. ఇది రాత్రి తిరిగే పిట్ట, పగలు గీస్తే అబద్ధమవుతుంది. రాత్రి గీయాలంటే నల్లటి వాష్ (నీళ్లు కలిపిన సిరా పూత) మధ్య పిట్ట తెల్లగా మిగలాలి. కంటిపైన తెల్లపట్టీ, రొమ్ముకు అడ్డంగా రెండు ముదురు పట్టీలు కనబడకపోతే అది కలివి కోడే కాదు. నా బొమ్మలో పిట్ట 9 సెం.మీ., పట్టీలు 2 మి.మీ., మధ్య తెలుపు ఒకటిన్నర. ఆరో కాగితంలో మాస్కింగ్ మానేసి బ్రష్‌తోనే చుట్టూ తప్పించుకుంటూ వాష్ వేశాను. సిరా రొమ్ము మీదికి పాకి పట్టీలు రెండూ కలిసిపోయాయి. మా మేనల్లుడు చూసి, "మామయ్యా, తీతువుకి కళ్లజోడు పెట్టావేంటి?" అన్నాడు. అంతే, మళ్లీ మాస్కింగే.

ఇక చిరుగుల చరిత్ర. మొదటి రెండూ ఫ్లూయిడ్ పాతబడి ఉండలు కట్టడం వల్ల పోయాయి, అవి లెక్కలోకి రావు. మూడోది 300 జీఎస్‌ఎం కోల్డ్ ప్రెస్డ్ కాగితం, అంటే మందంగా, కాస్త గరుకుగా ఉండేది. ఫ్లూయిడ్ 20 నిమిషాలు ఆరాక మూడు వాష్‌లు వేశాను (సిరా ఒక పాలుకు నీళ్లు ఆరు, తర్వాత మూడు, చివర్న సగం సగం). 22 గంటల తర్వాత ఒలిస్తే 4 మి.మీ. చిరుగు. ఎక్కువసేపు ఉంచానేమోనని నాలుగోది మూడు గంటలకే తీశాను. చిరుగు 2 మి.మీ.కి తగ్గింది కానీ తడి వాష్ కొంగకాలు మీదికి అలుక్కుంది. అవును, కొంగకాలే. కాళ్లు పొడవుగా వేస్తే నవ్వొస్తుందని అలా వేశాను. ఐదోదానికి హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. బుద్ధి తక్కువ పని. వేడికి ఫ్లూయిడ్ కాగితానికి ఇంకా గట్టిగా అంటుకుని ఏకంగా 11 మి.మీ. పోయింది.

ఏడు, ఎనిమిది నున్నటి హాట్ ప్రెస్డ్ కాగితం మీద. చిరుగు చిన్నదే, కానీ ఫ్లూయిడ్ సిరా గీతల్లోని నలుపును కూడా లాగేసి బూడిదరంగు చేసింది. సిరా ఒక రాత్రంతా ఆరనిస్తే ఆ గొడవ సగానికి తగ్గింది. అన్నట్టు, సీసా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసినంత మాత్రాన నమ్మకండి. ఒక సీసా నన్ను నిలువునా ముంచింది. ఇప్పుడు ప్లాటినం కార్బన్ సిరాయే వాడుతున్నా, దాంతో నాకు ఏ పేచీ లేదు. మైక్రాన్ పెన్నులు మంచివే గానీ గీత మరీ బుద్ధిగా వస్తుంది. కార్టూన్ గీతకు కాస్త అల్లరి ఉండాలి, అది నిబ్బుతోనే వస్తుంది.

తొమ్మిదోది చిరిగాక కోపంగా కాగితాలన్నీ పక్కపక్కన పరిచాను. చిరిగినవాటన్నిటిలోనూ కుడికన్నే! ఎడమకన్ను ఒక్కదాంట్లోనూ పోలేదు. అప్పుడు వెలిగింది. జోకంతా ఆ కుడికన్ను చూపులోనే ఉందని దాన్ని పదిసార్లు చెరిపి గీస్తున్నాను. అదే కాగితం ముక్క మీద నాలుగు గళ్లు గీసి, రబ్బరుతో ఒకదాన్ని అసలు రుద్దకుండా, మిగతావి 5, 10, 20 సార్లు రుద్ది, అన్నిటికీ ఒకేలా ఫ్లూయిడ్ పూసి రెండు గంటలకు ఒలిచాను. మొదటి రెండూ శుభ్రం. పదిసార్లు రుద్దినదానికి నూగు లేచింది. ఇరవైది చిరిగింది. రబ్బరు కాగితం పైపూతను తినేస్తోందని నా అనుమానం. పదో కాగితానికి కన్ను విడిగా గీసుకుని, లైట్ బాక్స్ (కింది నుంచి వెలుగొచ్చే పలక) మీద పెట్టి నేరుగా సిరాతోనే ఎక్కిస్తాను. రబ్బరును వేరే గదిలో పెట్టాను.

ఇదే సిరీస్‌లో బట్టమేక పిట్ట కార్టూన్ (కరెంటు తీగలు సరిగా కనబడక గుద్దుకునే పిట్ట కదా, కంటి డాక్టరు దగ్గర అక్షరాల బోర్డుకు బదులు కరెంటు తీగలు) అరగంటలో అయిపోయింది.

తర్వాత తెలుగుగంగ కాలువ మీద ఒకటి అనుకుంటున్నా. కలివి కోడి కోసం కాలువ దారి మార్చిన కథ అది. ఇంజనీరు మ్యాపు పట్టుకుని పిట్టను దారి అడగాలి. కానీ ముందు అలుగు, అంటే ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్. మాటలోనే జోకు ఉంది కదా: అలుగు అలిగి ముడుచుకుని కూర్చుంటుంది, "నా పొలుసులూ మీ గోళ్లూ ఒకటే పదార్థం, కావాలంటే మీవే కొరుక్కోండి" అంటుంది. వెనకాల చెరువు అలుగు పారుతుంటే ఇంకా బాగుంటుంది. కలివి కోడితో పడ్డ పాట్లు చాలు, దీన్ని హాయిగా పట్టపగలు, తెల్లకాగితం మీద గీద్దామనుకున్నాను.

అలుగు కూడా రాత్రే తిరుగుతుందట.