మా బంద గట్టు పని: వేసవి నుంచి అక్టోబరు దాకా

విజయనగరం జిల్లా మెంటాడ వైపు మా గరువు (మెరక మెట్ట) భూమిలో తాతల నాటి బంద, అంటే చిన్న చెరువు, ఒకటి ఉంది. మా సొంత జిరాయితీలోదే, గెడ్డకి (వాగుకి) అడ్డం కట్టింది కాదు. ఎగువన ఉన్న సుమారు 10 ఎకరాల వాలు మీద పడ్డ వానే అందులోకి దిగుతుంది. నిండితే నీటి పరపు 40 సెంట్లు, సగటు లోతు మీటరున్నర. అంటే దాదాపు 24 లక్షల లీటర్లు. ఎకరం మడిలో రెండంగుళాల నీరు నిలపాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. ఇంకేది, ఆవిరయ్యేది పోగా, వరి పొట్టమీద ఉన్నప్పుడు రెండెకరాలకి మూడు నాలుగు తడులు ఖాయం. చంపావతి మీద ఆండ్ర రిజర్వాయరు మా మండలంలోనే ఉన్నా ఆ నీరు ఇంత మెరకకి ఎక్కదు. ఉద్యోగం టౌనులో అయినా, సెలవు దొరికితే నేను ఈ గట్టు మీదే ఉంటాను.

ఏప్రిల్

మొదట పట్టించుకున్నది అలుగుని, అంటే బంద నిండాక ఎక్కువైన నీరు బయటికి పోయే దారిని. మట్టిగట్లు ఎక్కువగా రెండు రకాలుగా తెగుతాయి: నీరు పైనుంచి పొర్లడం, లేదా లోపల దారి చేసుకోవడం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద పైకెక్కే కొట్టుకుపోయింది. అంత పెద్ద కట్టకే అలా అయితే మా పదడుగుల గట్టు ఎంతసేపు నిలుస్తుంది? అదే ఏడు సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

లెక్క వేసుకున్నాను. గంటకి 100 మిల్లీమీటర్ల వాన పడి, ఒక్క చుక్క కూడా ఇంకలేదనుకుంటే 10 ఎకరాల నుంచి సెకనుకి సుమారు 1,120 లీటర్లు వస్తాయి. అలుగు మీద అడుగు లోతున నీరు పారితే మీటరు వెడల్పుకి సెకనుకి 280 లీటర్లు దాటతాయి. కాబట్టి 4 మీటర్ల వెడల్పు కావాలి. పాతది అందులో సగమే. గట్టు చివర, కదలని గట్టినేలలో వెడల్పు చేసి, దిగువన రాళ్ళు పేర్పించాను.

మే

తాపీమేస్త్రి వాడే లెవెల్ ట్యూబు (నీళ్ళు నింపిన గొట్టం) తెచ్చి గట్టు పొడవునా మట్టం చూశాం. పశువులు దాటే చోట అర అడుగు పల్లం తేలింది. అలుగు ఎంత వెడల్పున్నా, గట్టులో అన్నిటికంటే పల్లమైన చోటే నీరు మొదట పొర్లుతుంది. అలుగు మట్టానికి గట్టు పైభాగం అంతటా మూడడుగులు ఎత్తు ఉండేలా పెంచాం.

పాత గడ్డి చెక్కి, నేల గీరి, తడిపి, ఆ తరవాతే కొత్త మట్టి. గరప (ఇసక కలిసిన మట్టి) ఒక్కటే పోస్తే నీరు కారిపోతుంది, బంకమన్ను ఒక్కటే అయితే ఎండకి బీటలిస్తుంది. అందుకే రెండూ కలిపాం. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, ఛాతీ ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. చేతికి అంటుకుంటే తడి ఎక్కువ, పొడిగా రాలితే తక్కువ. ఆరంగుళాల పొర, దాన్ని దిమ్మిసతో కొట్టి గట్టిపరచడం, మళ్ళీ పొర. ట్రాక్టరుతో ఒకేసారి కుమ్మరించి చదును చెయ్యమన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు, రెండు వానలకే అది కుంగిపోతుంది. లోపలి వాలు ఎత్తు ఒకటికి అడ్డం రెండున్నర, బయటి వాలు ఒకటికి రెండు. మొలిచిన సర్కారు తుమ్మని పిలకగా ఉన్నప్పుడే పీకేశాం. పెరిగాక కొట్టేస్తే వేళ్ళు కుళ్ళి, నీటికి సొరంగాలు మిగులుతాయి. తొలకరికి ముందే గరిక చెక్కలు పరిచాం.

జూన్

పాత రాతి మదుము (నీరు వదిలే తూము) పక్కన గట్టు బయటి కాలు, అంటే వాలు నేలని తాకే చోటు, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. పక్క చేను మావయ్య వచ్చి చూసి, "తేటగా ఒచ్చినంతసేపూ బయం లేదు అల్లుడూ. ఎర్రగా ఒచ్చిందో, గట్టు లోపల్నుంచి కొట్టుకుపోతన్నట్టే" అన్నాడు. నేను చదివిందీ అదే. ఊటని మూసెయ్యకూడదు, మట్టి రాకుండా నీరు మాత్రం వచ్చేలా చెయ్యాలి. అందుకే గట్టుకి ఆనుకుని ముందు ఇసక, దాని మీద చిన్న కంకర చిప్స్, పైన రాళ్ళు వేశాం. ఈ వరస తారుమారైతే ఉపయోగం లేదు.

మదుముని లోపలి వైపు బంకమన్నుతో దిట్టంగా కూరి మూసేశాం. మరి నీరు బయటికెలా? గట్టుని కోసి కొత్త పైపు పెట్టడం నాకు ఇష్టం లేదు, పైపుని అంటుకునే నీరు దారి చేసుకుంటుంది. అందుకే గట్టు మీదుగా మూడంగుళాల పైపు సైఫనుగా వేశాం, అంటే నిండా నీరున్న పైపు గట్టు ఎక్కి దిగి, పల్లానికి నీటిని తనే లాగుతుంది. రెండు చివర్లా వాల్వులు మూసి, పైన ఉన్న T ఆకారపు జాయింటు లోంచి నిండా నీరు పోసి, బిరడా బిగించి, వాల్వులు తెరిస్తే చాలు. కరెంటు అక్కర్లేదు. గాలి చొరబడితే మాత్రం ఆగిపోతుంది కాబట్టి పై జాయింట్లకి జిగురు బాగా పట్టించాలి. 200 లీటర్ల డ్రమ్ము అరనిమిషం దాటాక నిండింది, అంటే సెకనుకి 6 లీటర్లు. ఎకరానికి రెండంగుళాల తడి తొమ్మిది పది గంటల్లో అవుతుంది.

ఆగస్టు – అక్టోబరు

ఉభాలకి (వరి నాట్లకి) వాన నీరే సరిపోయింది, బంద ముట్టుకోలేదు. ఇప్పుడు గట్టు లోపలి వైపు నీటిలో స్కేలు కర్ర ఒకటి పాతాను. నీటి మట్టం ఎంతో, ఊట దగ్గర లీటరు బాటిలు నిండడానికి ఎన్ని సెకన్లో ఒకే పేజీలో రాస్తున్నాను. మట్టం పెరిగినకొద్దీ ఊట పెరగడం మామూలే. మట్టం అలాగే ఉండి ఊట పెరిగితేనే టెన్షన్. ఇంతవరకు తేటగానే ఉంది. మేం వేసిన వరి రకం శ్రీకాకుళం సన్నాలు పొట్టకొచ్చాయి, మొదటి తడి ఇచ్చాం. మట్టం తగ్గాక లోపలి వాలు మీద పీత బొరియలు బయటపడ్డాయి, తడిమట్టి కూరాం.

వేసవిలో బంద అడుగంటాక గడకర్ర గుచ్చి ఒండ్రు మందం కొలవాలి. తీసిన ఒండ్రంతా గరువు చేలోకే తోలిస్తాను. గట్టు లోపలి కాలికి పది అడుగుల లోపు మాత్రం గునపం పడనివ్వను. అడుగున నీరు ఇంకిపోకుండా ఆపుతున్నది అక్కడ పేరుకున్న ఆ బంకమట్టే.