మూడో కలింబా: కుడి చివరి కీ ఇంకా ‘టక్’మంటూనే ఉంది

కలింబా అంటే చెక్క పెట్టె మీద బిగించిన స్టీలు కీలను బొటనవేళ్లతో మీటే వాద్యం. నేను చేసిన ఈ మూడోదానిలో పదిహేడు కీల్లో పదిహేను గంటల్లా మోగుతున్నాయి. కుడి చివరి ఈ6 (అక్షరం స్వరం పేరు, అంకె దాని స్థాయి) మీటితే మాత్రం బల్ల మీద గోరుతో కొట్టినట్టు ‘టక్’ అని ఊరుకుంటోంది. ఎడమ చివరి డి6 కూడా ఇంచుమించు అదే బాపతు. మూడు వారాల సెలవులు ఈ రెండిటికే పోశాను.

మంచి కబురు ఒక్క ముక్కలో: పెట్టె అతుకులు బాగా కుదిరాయి, వెనక రంధ్రాల మీద వేళ్లు ఆడిస్తే ‘వా-వా’ చక్కగా వస్తోంది. ఇక ఏడుపు మొదలు.

కీలన్నీ 1.2 మి.మీ. స్ప్రింగ్ స్టీలు. బ్రిడ్జి (కీలు ఆనుకునే పట్టీ) నుంచి కొస దాకా సి4 పొడవు 61 మి.మీ., ఈ6 పొడవు 27. పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది కాబట్టి పొట్టి కీల దగ్గర వెంట్రుకవాసి జరిగినా తేడా ఎక్కువే. 0.1 మి.మీ. జరిపితే సి4 సుమారు 6 సెంట్లు (అరస్వరానికి వంద సెంట్లు) మారుతుంది, ఈ6 అయితే 13. అందుకే మొదట నా శ్రుతి మీదే అనుమానపడ్డాను. కానీ ట్యూనర్ 1318 హెర్ట్జ్ దగ్గర ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. అంటే శ్రుతి సరిగ్గానే ఉంది, మోతే నిలవడం లేదు. రికార్డు చేసి కొలిస్తే 0.3 సెకన్లు! పై స్వరాలు ఎలాగూ త్వరగా ఆరిపోతాయనుకున్నా, దాని పక్కనే ఉన్న సి6 ఒకటిన్నర సెకన్లు పలుకుతోంది మరి.

పై పలక ఆ ఒక్క స్వరాన్నే మింగేస్తోందేమో అనుకుని కీని కాస్త బయటికి లాగి అరస్వరం దించాను. అక్కడా టక్కే. కీ ఊడదీసి బెంచి వైస్‌లో బిగించి మీటితే శుభ్రంగా మోగింది. పోనీ అని బాగా పలికే సి4 కీని తెచ్చి ఈ6 చోట పెట్టాను. అదీ మూగబోయింది. అంటే దోషం కీది కాదు, ఆ చోటుది.

అప్పుడు కాగితం పరీక్ష చేశాను. సన్నటి కాగితం ముక్కల్ని ఒక్కో కీకీ బ్రిడ్జికీ మధ్య పెట్టి, కీలను పైనుంచి అదిమిపట్టే కడ్డీ బిగించి, లాగి చూడాలి. మధ్యలోవి చిరిగాయే గానీ రాలేదు. సి6 దగ్గర బిగువుగా వచ్చింది. ఈ6 దగ్గర వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు వచ్చేసింది. ఇత్తడి కడ్డీ మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే, స్క్రూలకు అవతల రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. కుడివైపు 0.4 మి.మీ. నాది 4 మి.మీ. కడ్డీ, చివరి స్క్రూలేమో కొసల నుంచి 22 మి.మీ. లోపలికి ఉన్నాయి. పిసినారితనంతో మూడే స్క్రూలు వేసినందుకు ఫలితం.

6 మి.మీ. కడ్డీ వేశాను. లావు ఒకటిన్నర రెట్లయితే వంగకుండా నిలిచే బలం సుమారు ఐదు రెట్లవుతుంది. ఇప్పుడు కాగితం ఎక్కడా కదలడం లేదు. ఈ6 0.7 సెకన్లకు వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త బిగిద్దామని వెళ్లి ఒక స్క్రూ రంధ్రం చెడగొట్టుకున్నాను. నాలుగు రోజులు దాని మొహం చూడలేదు.

నిన్న రాత్రి ఊరికే చేతిలోకి తీసుకుని, ఎడమ బొటనవేలు బ్రిడ్జి కుడి కొస మీద గట్టిగా నొక్కిపెట్టి ఈ6 మీటాను. టింగ్! వేలు తీస్తే మళ్లీ టక్. 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకు) బ్రిడ్జి కిందకి 38 మి.మీ. దాకా దూరిపోయింది. జిగురు అక్కడ అసలు పట్టనే లేదన్నమాట. నేను రెండు కడ్డీలు మార్చి కుస్తీ పట్టింది దీనికా!

సందులోకి పలచటి సూపర్ గ్లూ వదిలేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నాకది నచ్చదు, పెళుసు, పైగా మళ్లీ విప్పలేం. ఎపాక్సీని కాస్త వెచ్చబెడితే పలచబడుతుంది, దాన్నే గేజ్ రేకుతో లోపలికి తోశాను. క్లాంపులు రేపు సాయంత్రం దాకా తియ్యను.

కానీ డి6 సంగతి తేలలేదు. ఎడమవైపు గేజ్ దూరడం లేదు, వేలు నొక్కినా మార్పు లేదు. బ్రిడ్జి ఎడమ కొస పెట్టె పక్కగోడ మీదకి 5 మి.మీ. ఎక్కి ఉంది, అక్కడ పలక కదలలేకపోతోందని నా ఊహ. అదే నిజమైతే బ్రిడ్జి కొయ్యాల్సిందే.

నిజం చెప్పాలంటే 17 కీల కన్నా హ్యూ ట్రేసీ ఆల్టో అనే కలింబా రకం అమరికే నాకిష్టం. 15 కీలు, జి5తో ఆగిపోతుంది, ఈ పొట్టి కీల గొడవే లేదు.

తర్వాత చేసేది ఎంబీరా ద్జవద్జీము, కలింబా లాంటిదే ఒక ఆఫ్రికా వాద్యం. జింబాబ్వే షోనా వాళ్లు దాన్ని డొల్ల పెట్టె మీద కాకుండా మందపాటి చెక్క మీద కడతారు, మోత కోసం ‘దేజె’ అనే ఎండు సొరకాయ బుర్రలో పెట్టి వాయిస్తారు. చెక్క ముబ్వమరోపా, మన ఎర్రచందనం ప్రజాతిదే. నన్ను లాగింది మాత్రం కడ్డీ: దాన్ని పలక గుండా తీగలతో కట్టేస్తారు, అదీ కీల మధ్య చాలాచోట్ల. నా మూడు స్క్రూలు గుర్తొచ్చి సిగ్గేసింది. పైగా అక్కడ గవ్వలో సీసా మూతలో తగిలించి మరీ జరజరమనే మోత పుట్టిస్తారు. ముందు ఒక ముక్క చెక్క మీద ఆరు కీలతో తీగ కట్టు ప్రయత్నిస్తాను, 1.5 మి.మీ. తీగ తెగకుండా ఎంత బిగువు పడుతుందో చూడాలి.